తెలీబంధా మీద తెల్లగీతలు: మందు కొడుతున్నారా?

మ్యాప్ మీద ముంబై నుంచి కోల్‌కతాకు గీత గీస్తే అది దాదాపు రాయ్‌పూర్ నెత్తిమీదుగా పోతుంది. తెలీబంధా చెరువు గట్టున సాయంత్రం నడకకు వచ్చేవాళ్లకు, ముఖ్యంగా చలికాలంలో, ఆకాశంలో తెల్లగీతలు కనబడటానికి అదొక కారణం. ఆ గీతల్లో కొన్ని నిమిషంలో మాయమవుతాయి. కొన్ని అరగంట, గంట నిలిచి, వెడల్పై, పలచని మబ్బులా పరుచుకుంటాయి. వాదనంతా ఈ రెండో రకం గీతల గురించే.

విజయనగరం రైలు మార్గం పట్టుకుని తరాల కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ ఉత్తరాంధ్ర కుటుంబాలు రాయ్‌పూర్‌లో చాలా ఉన్నాయి. ఆ గట్టు మీద తెలుగు వినబడటం వింత కాదు. "అది ఇమానం పొగ కాదు బావా, పైనుంచి మందు కొడతన్నారు" అని ఒకరంటే, "నీకెవుడు సెప్పినాడ్రా? ఫోన్లో వచ్చిందా?" అని ఇంకొకరు. ఆ మాటకు మొదటివాడు ముఖం చిన్నబుచ్చుకుంటాడు. వాదన అక్కడితో తెగిపోతుంది, అనుమానం మాత్రం తెగదు. ఈ ప్రశ్న మీద ప్రపంచమంతటా జరుగుతున్న చర్చ కూడా ఎక్కువగా ఇదే తీరులో నడుస్తోంది. అందుకే నమ్మేవాళ్ల వాదనలో బలం ఎక్కడుంది, అది ఎక్కడ కూలిపోతుంది, కాదనేవాళ్లు ఎక్కడ తప్పటడుగు వేస్తున్నారు అన్నది నిదానంగా చూడాలి.

నమ్మేవాళ్లు చెప్పేది ఇది. విమానాల వెనక నిలిచిపోయే ఆ గీతలు మామూలు ఆవిరి కాదు, కెమ్‌ట్రెయిల్స్. అంటే ప్రభుత్వాలో, సైన్యాలో, పెద్ద కంపెనీలో రహస్యంగా చల్లిస్తున్న రసాయనాలు. వాతావరణాన్ని మార్చడానికని కొందరు, జనాన్ని రోగాల పాలు చేయడానికని కొందరు అంటారు. ఈ నమ్మకం 1990ల చివర అమెరికాలో పుట్టింది. వాతావరణాన్ని యుద్ధంలో ఎలా వాడుకోవచ్చో ఊహిస్తూ అమెరికా వైమానిక దళం వాళ్లు 1996లో ఒక అధ్యయన పత్రం రాశారు. అది రేడియో కార్యక్రమాల్లోకి ఎక్కింది, అక్కడి నుంచి ఇంటింటికీ చేరింది. గోల పెరిగేసరికి 2000లో అమెరికా పర్యావరణ సంస్థ, నాసా, మరో రెండు సంస్థలు కలిసి ఇవి ఘనీభవించిన ఆవిరి గీతలేనని వివరణ ఇచ్చాయి. ప్రభుత్వమే వివరణ ఇచ్చుకుందంటే ఏదో ఉందనుకున్నవాళ్లకు అది ఇంకో సాక్ష్యమైంది.

ముందు ఆ గీత ఎలా పుడుతుందో దగ్గరగా చూద్దాం. కిలో విమాన ఇంధనం కాలితే సుమారు కిలోంపావు నీరు ఆవిరై బయటికొస్తుంది. హైడ్రోజన్ ఉన్న ఏ ఇంధనం కాలినా నీరు పుట్టాల్సిందే. ఇండిగో వాడే ఎ320 లాంటి విమానం పది కిలోమీటర్ల ఎత్తున ఎగురుతూ కిలోమీటరుకు ఇంచుమించు మూడు కిలోల ఇంధనం కాలుస్తుంది. అక్కడ చలి సున్నాకు నలభై డిగ్రీల కింద. ఇంజన్ నుంచి వేడిగా వెలువడ్డ ఆవిరి మసిరేణువులను పట్టుకుని క్షణంలో మంచు పలుకులవుతుంది. జాగ్రత్తగా చూస్తే విమానానికీ గీతకూ మధ్య కొంత ఖాళీ కనబడుతుంది. ఆవిరి చల్లబడి గడ్డకట్టడానికి పట్టే సమయమే ఆ ఖాళీ. మానా విమానాశ్రయంలో దిగడానికి కిందికొస్తున్న విమానం వెనక గీత ఉండదు, ఎందుకంటే ఆ ఎత్తులో గాలి వెచ్చగా ఉంటుంది.

మరి కొన్ని గీతలు ఎందుకు నిలుస్తాయి? పై గాలి పొడిగా ఉంటే మంచు పలుకులు తిరిగి ఆవిరైపోతాయి. గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఆ పలుకులు గాలిలోని తేమను కూడా లాక్కుని పెరుగుతాయి. మూడు కిలోల ఇంధనం నుంచి ఆకాశం సగం కప్పేంత మబ్బు ఎలా వస్తుందని నమ్మేవాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే. ఆ మబ్బులో చాలా భాగం విమానం మోసుకొచ్చింది కాదు, అక్కడి గాలిలో ఉన్నదే. ఒకే సాయంత్రం ఒక విమానం గీత గీసి, ఇంకోటి గీయకపోతే, రెండూ వేర్వేరు ఎత్తుల్లో వేర్వేరు గాలి పొరల్లో పోతున్నాయని అర్థం. రాయ్‌పూర్ లాంటి చోట చలికాలంలో పై గాలి మరింత చల్లబడుతుంది, పడమటి నుంచి వచ్చే వాతావరణ వ్యవస్థలు పై పొరలకు తేమ తెస్తాయి. వానాకాలంలో కింది మబ్బులే అంతా కప్పేస్తాయి. గీతలు ఒక రుతువులోనే ఎక్కువగా కనబడటం కుట్రకు ఆనవాలు కాదు. ఈ లెక్కలు 1940, 50ల్లోనే ష్మిట్, ఆపిల్‌మన్ అనే ఇద్దరు కట్టిపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ల ఫొటోల్లో యూరప్ ఆకాశం నిండా ఇవే గీతలు కనబడతాయి.

ఇంతవరకూ భౌతికశాస్త్రం తేల్చేసింది. కానీ నమ్మేవాళ్ల అసలు బలం భౌతికశాస్త్రంలో లేదు, చరిత్రలో ఉంది. కాదనేవాళ్లు తరచూ దాటేసే భాగం కూడా అదే.

1967 నుంచి 1972 దాకా వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం ఆపరేషన్ పొపాయ్ పేరుతో మబ్బుల్లో సిల్వర్ అయొడైడ్ చల్లింది. హోచిమిన్ దారి బురదమయమై శత్రువు లారీలు కదలకూడదన్నది ఉద్దేశం. సొంత దేశ చట్టసభకు కూడా చెప్పకుండా ఏళ్ల తరబడి నడిపారు. విలేకరులు బయటపెట్టాకే ఒప్పుకున్నారు. వాతావరణాన్ని ఆయుధంగా వాడకూడదన్న ఎన్‌మోడ్ ఒప్పందం 1978లో అమల్లోకి రావడానికి ఆ బాగోతమే ప్రధాన కారణం. భారత్ కూడా ఆ ఒప్పందంలో ఉంది. 1950, 60ల్లో సెయింట్ లూయిస్ నగరంలో, ఎక్కువగా పేద నల్లజాతివారి వాడల్లో, అమెరికా సైన్యం జింక్ కాడ్మియం సల్ఫైడ్ పొడి చల్లి గాలి ఎటు పోతుందో పరీక్షించింది. అక్కడి జనానికి నిజం చెప్పలేదు.

అంత దూరం పోనక్కర్లేదు. కేరళ కాసరగోడ్ జిల్లాలో ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడితోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు కొట్టింది. 1970ల చివర మొదలైన ఆ పని 2000 దాకా ఆగలేదు. తోటల పక్క ఊళ్లలో పిల్లలు వైకల్యాలతో పుడుతున్నారని స్థానిక వైద్యులు మొత్తుకున్నారు. వ్యవసాయ శాఖలో పనిచేస్తున్న లీలాకుమారి అమ్మ 1998లో కోర్టుకెక్కారు. పరీక్షలు జరిగాయి, వాటి మీద కంపెనీల ప్రతివాదాలు నడిచాయి. చివరికి 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను నిషేధించింది. 2017లో బాధితులకు తలా 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. పైనుంచి మందు కొట్టారు, జనం రోగాల పాలయ్యారు, అధికారులు ఏళ్ల తరబడి ఏమీ లేదన్నారు. ఇది మన దేశంలో జరిగిన కథ. ఈ కథ తెలిసిన మనిషి ఆకాశంలో గీత చూసి అనుమానపడితే అతన్ని మూర్ఖుడనడం అన్యాయం.

అయితే కాసరగోడ్ నిజం ఎలా తేలిందో కూడా చూడాలి. చల్లింది ఏమిటో పేరుతో సహా తెలుసు. హెలికాప్టర్ ఏ రోజు వచ్చిందో ఊరంతా చూసింది. నీళ్లలో, మట్టిలో, మనుషుల రక్తంలో ఆ మందు జాడ వెతికే వీలుంది. తోటకు దగ్గరి ఊళ్లను, దూరపు ఊళ్లను పోల్చి చూసే వీలుంది. కెమ్‌ట్రెయిల్స్ వాదన పాతికేళ్లు దాటినా ఈ మెట్లలో ఒక్కటి కూడా ఎక్కలేదు. చల్లే ట్యాంకును చూపినవాళ్లు లేరు, నింపిన కూలీ బయటికి రాలేదు, కొన్న బిల్లు దొరకలేదు. ప్రపంచవ్యాప్తంగా రోజూ ఎగిరే విమానాలను నడిపే, మరమ్మతు చేసే, ఇంధనం పోసే లక్షల మందిలో ఒక్కరూ నోరు విప్పలేదంటే నమ్మడం కష్టం. పొపాయ్ రహస్యం అంతకన్నా ఎంతో చిన్నది, సైన్యం చేతిలో ఉన్నది, అయినా ఐదేళ్లకే బయటపడింది.

ఇక వాన నీళ్లలో లోహాల సంగతి. అల్యూమినియం, బేరియం, స్ట్రాన్షియం దొరికాయని ల్యాబ్ రిపోర్టులు చూపిస్తారు. ఆ రిపోర్టులు అబద్ధం కానక్కర్లేదు. భూమి పైపొరలో సుమారు ఎనిమిది శాతం అల్యూమినియమే. ఛత్తీస్‌గఢ్ రైతులు భాటా అని పిలిచే ఎర్రమట్టిలో ఇనుముతో పాటు అదీ దండిగా ఉంటుంది. రాష్ట్రంలోని మైన్‌పాట్ గుట్టల్లో బాక్సైట్ గనులే ఉన్నాయి. బేరియం విషయానికొస్తే, మన కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి గనులకు ప్రపంచంలోనే పేరుంది, ముగ్గురాయి అంటే బేరియం ఖనిజమే. గాలికి లేచిన ధూళి వాన చుక్కలో కలుస్తుంది. మేడ మీద పెట్టిన గిన్నెలో పట్టిన వాన నీళ్లలో అల్యూమినియం దొరకకపోతేనే ఆశ్చర్యపోవాలి. అది పది కిలోమీటర్ల పైనుంచి వచ్చిందా, పక్క వీధి నుంచి వచ్చిందా అన్నది ఆ రిపోర్టు చెప్పదు. 2016లో అమెరికా పరిశోధకులు వాతావరణ రసాయనాలు, భూరసాయనాలు చదివే 77 మంది శాస్త్రవేత్తలకు ఈ ఫొటోలు, రిపోర్టులు చూపి అడిగారు. 76 మంది రహస్యంగా చల్లుతున్న ఆనవాలేదీ తమకు కనబడలేదన్నారు. మిగిలిన ఒక్కరు కూడా కుట్ర ఉందనలేదు. ఒక మారుమూల చోట గాలిలో బేరియం మామూలుకన్నా ఎక్కువ కనబడిందని మాత్రం చెప్పారు.

మన తెలుగునాట ఈ చర్చ గీతల రూపంలో కన్నా వాన రూపంలో పెద్దదైంది. 2022 జులైలో గోదావరి పొంగింది. ఆ నెల 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. మర్నాడు భద్రాచలం వచ్చిన అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, విదేశాలు కావాలనే మన దేశంలో క్లౌడ్ బరస్ట్‌లు చేయిస్తున్నాయని చెబుతున్నారని, అందులో నిజమెంతో తెలియదని, ఇంతకుముందు లేహ్‌లో, ఉత్తరాఖండ్‌లో చేశారంటున్నారని, ఇప్పుడు గోదావరి మీద కూడా అలాంటి సమాచారం ఉందని అన్నారు. ప్రతిపక్షాలు విరుచుకుపడ్డాయి. కాళేశ్వరం పంప్‌హౌస్‌లు మునిగిన సంగతి పక్కకు నెట్టడానికే ఆయన ఈ మాట అన్నారని కొందరు విమర్శించారు.

రాజకీయం పక్కనపెట్టి లెక్క చూద్దాం. క్లౌడ్ బరస్ట్ అంటే ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల చిన్న జాగాలో గంటకు పది సెంటీమీటర్ల వాన. గోదావరి పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. అందులో మూడో వంతు మీద పది సెంటీమీటర్ల వాన పడిందనుకుంటే ఆ నీరు 350 టీఎంసీల పైచిలుకు. ఏ విమానమూ, ఏ రసాయనమూ ఆ నీటిని పుట్టించలేదు, సముద్రం మీది నుంచి రుతుపవనాలు మోసుకురావాల్సిందే. ప్రాణహిత మీదుగా మహారాష్ట్ర నీరు, ఇంద్రావతి మీదుగా బస్తర్ నీరు వచ్చి కలిసి భద్రాచలాన్ని ముంచాయి. 1986 ఆగస్టులో అదే భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది. అంత హోదాలో ఉన్న మనిషి నిజమెంతో తెలియదంటూనే ఆ మాట అనడం తప్పని నా అభిప్రాయం. ఇళ్లు మునిగి పునరావాస శిబిరంలో ఉన్నవాడికి కరకట్ట ఎప్పుడు ఎత్తు చేస్తారన్నది కావాలి, విదేశీ కుట్ర కాదు.

ఇలాంటి పుకార్లకు ఆధారమైన అసలు పని ఒకటి మనకు తెలుసు, మేఘమథనం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో అనంతపురం లాంటి కరవు జిల్లాల మీద చిన్న విమానాలు తిరగడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది రహస్యం కాదు. పత్రికల్లో వచ్చింది, ఖర్చు మీద శాసనసభలో రచ్చ జరిగింది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ సోలాపూర్ ప్రాంతంలో 2018, 2019 వానాకాలాల్లో చేసిన ప్రయోగాల ఫలితం ప్రకారం, అనుకూలమైన మబ్బుల్లో చల్లితే వంద చదరపు కిలోమీటర్ల మేర వాన సగటున 18 శాతం పెరిగింది. ముందే నీరున్న మబ్బు నుంచి ఇంకొంచెం పిండుకోవడం అంతే. మబ్బులో నీరు లేకపోతే ఏమవుతుందో 2025 అక్టోబర్ 28న ఢిల్లీలో తేలింది. ఐఐటీ కాన్పూర్ విమానం కాలుష్యం తగ్గించడానికి మబ్బుల్లో చల్లింది, తేమ చాలక చెప్పుకోదగ్గ వాన పడలేదు. 2024 ఏప్రిల్‌లో దుబాయ్ మునిగినప్పుడు మేఘమథనమే కారణమన్నారు. గల్ఫ్‌లో లక్షలాది తెలుగువాళ్లు ఉన్నారు కనుక ఆ మాట మన ఇళ్లకూ వచ్చింది. అది పెద్ద తుపాను వ్యవస్థ, రోజుల ముందే హెచ్చరికలున్నాయి, ఆ తుపాను సమయంలో తాము చల్లనే లేదని అక్కడి వాతావరణ కేంద్రం చెప్పింది.

మరొక్కటి గుర్తుచేయాలి. 2020 మార్చిలో, రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా పైనుంచి కరోనా మందు చల్లుతారు, ఎవరూ బయటికి రావద్దు, ఆరేసిన బట్టలు తీసేయండి అన్న సందేశం దేశమంతా తిరిగింది. కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ అది అబద్ధమని ఖండించింది. ఆ రాత్రి భయపడి తలుపులు మూసుకున్నవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. భయం ఉన్నచోట ఇలాంటి మాట ఎంత తేలిగ్గా దిగబడుతుందో అప్పుడు చూశాం.

కాదనేవాళ్ల దగ్గరికొస్తే, వాళ్ల నిర్ధారణ సరైనదే, నడవడి మాత్రం చాలాసార్లు సరిగా లేదు. మొదటి తప్పు ఎగతాళి. ఎగతాళి చేస్తే అవతలివాడు వాదన వదలడు, మనల్ని వదిలేసి తనలాంటివాళ్ల దగ్గరికి పోతాడు. రెండో తప్పు, ఇవి వట్టి ఆవిరి గీతలు, ఏ హానీ లేదు అనేయడం. ఇది నిజం కాదు. నిలిచిపోయే గీతలు రాత్రివేళ భూమి వేడిని పైకి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. విమానాల కార్బన్ డయాక్సైడ్ వల్ల భూమి ఎంత వేడెక్కుతుందో ఈ గీతల వల్ల దాదాపు అంత, బహుశా అంతకన్నా ఎక్కువ వేడెక్కుతుందని 2021లో వచ్చిన పెద్ద సమీక్ష అంచనా వేసింది, లెక్కలో అనిశ్చితి ఉన్నా సరే. అందుకే 2023లో గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి 70 విమానాల ఎత్తు కొంచెం మార్చి చూశాయి. గీతలు సగానికి పైగా తగ్గాయి. ఆకాశంలో గీతలు పెరుగుతున్నాయి, వాటి వల్ల ఏదో అవుతోంది అన్న సామాన్యుడి గమనిక పూర్తిగా పిచ్చిది కాదు. కారణం ఊహించడంలోనే పొరపాటు.

మూడోది, సూర్యరశ్మిని తగ్గించడానికి ఇరవై కిలోమీటర్ల ఎత్తున గంధక కణాలు చల్లాలన్న ప్రతిపాదన శాస్త్రవేత్తల మధ్య నిజంగానే ఉంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం అలాంటి చిన్న ప్రయోగం తలపెట్టి, వ్యతిరేకత వల్ల 2024లో విరమించుకుంది. ప్రయాణికుల విమానాలు ఎగిరే ఎత్తుకు అది రెట్టింపు, ఇప్పుడు కనబడే గీతలతో దానికి సంబంధం లేదు. కానీ అలాంటి ఆలోచనే లేదని బుకాయించడం కాదనేవాళ్లకు తగదు. అది రేపు జరగాలా వద్దా అన్నది జనం అడగాల్సిన ప్రశ్న. అమెరికాలో టెన్నెసీ 2024లో, ఫ్లోరిడా 2025లో వాతావరణాన్ని మార్చే పనులను నిషేధిస్తూ చట్టాలు చేశాయి. వాటి వెనక కెమ్‌ట్రెయిల్స్ భయం చాలా ఉంది. లేని నేరానికి చట్టం చేస్తూ కూర్చుంటే కళ్లెదుటి నేరానికి తీరిక దొరకదు.

ఆ కళ్లెదుటిది రాయ్‌పూర్‌లో ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. తెల్లారి మేడెక్కితే పాదాలకు అంటే నల్లటి ధూళి. ఆరేసిన పంచె మీద మచ్చలు. కిటికీ గట్టు మీద వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. ఊరి ఉత్తరాన సిల్తరా, ఉర్లా పారిశ్రామికవాడల్లో స్పాంజ్ ఐరన్ కార్ఖానాలు, రోలింగ్ మిల్లులు ఉన్నాయి. బొగ్గు, ఇనుప ఖనిజం ధూళిని ఆపడానికి చిమ్నీలకు ఈఎస్‌పీ యంత్రాలు పెట్టాలి. కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి కొన్నిచోట్ల రాత్రిళ్లు వాటిని ఆపేస్తున్నారన్న ఆరోపణ ఏళ్లుగా ఉంది. జాతీయ స్వచ్ఛ గాలి పథకం కింద ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో ఛత్తీస్‌గఢ్ నుంచి రాయ్‌పూర్, భిలాయ్, కోర్బా ఉన్నాయి. ఈ ధూళికి చిరునామా ఉంది, లైసెన్సు ఉంది, కొలిచే యంత్రం ఉంది, జవాబు చెప్పాల్సిన అధికారి ఉన్నాడు. కాసరగోడ్‌లో నిజం తేల్చిన మెట్లన్నీ ఇక్కడ ఎక్కవచ్చు.

నా తీర్పు ఇది. తెలీబంధా మీది తెల్లగీతల్లో విషం చల్లుతున్నారనడానికి నమ్మదగ్గ సాక్ష్యం లేదు. ఆ అనుమానం పడ్డ మనిషి మీద చిన్నచూపు చూసే హక్కు కూడా ఎవరికీ లేదు. ఇంకా సందేహం తీరనివాళ్లు ఫోన్లో విమానాల దారి చూపే యాప్ తెరిచి, గీత గీస్తున్న విమానం ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎంత ఎత్తున పోతోందో నాలుగు సాయంత్రాలు చూసుకోండి. ఆ తర్వాత అదే ఫోన్‌తో మీ మేడ మీది నల్లధూళిని తేదీ, సమయంతో ఫొటో తీసి ఛత్తీస్‌గఢ్ పర్యావరణ సంరక్షణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మీకు దగ్గరి చిమ్నీల పొగ కొలతలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడగండి. కాలనీలో పది ఇళ్లవాళ్లు కలిసి అడిగితే జవాబు ఇవ్వక తప్పదు.